సముద్రపు గాలి తగిలే ఇసుక నేలలో తోట నిలవాలంటే?

బాపట్ల వైపు తీరానికి దగ్గర్లో ఉన్న స్థలంలో నాటిన మొక్కలన్నీ మాడిపోతున్నాయని, ప్రహరీ ఎత్తు పెంచితే సరిపోతుందా అని అడిగారు. సరిపోదు. గట్టి గోడను దాటిన గాలి దాని వెనకే సుడి తిరిగి మొక్కలను ఇంకా గట్టిగా కొడుతుంది. గాలిని ఆపడం కంటే వడకట్టడం మేలు. సముద్రం వైపు సరుగుడు రెండు మూడు వరుసలు, వాటి లోపల పొన్న, కానుగ వేయండి. ఇలాంటి చెట్ల వరుస తన ఎత్తుకు దాదాపు 10 రెట్ల దూరం వరకు గాలి జోరును తగ్గిస్తుంది. పూల మొక్కల సంగతి ఆ తర్వాతే.

ఆకు మాడడం కొన నుంచి మొదలై, అంచుల వెంబడి లోపలికి పాకుతోందా? అయితే ఉప్పు మీద అనుమానం పడాలి. అది గాలితోనే కాదు, బోరు నీటితోనూ రావచ్చు. కాబట్టి ముందు నీటిని పరీక్ష చేయించండి. దీన్ని మాత్రం దయచేసి వాయిదా వేయకండి.

ఇసుకలో నీరు నిలవదు. గుంత అడుగున కొబ్బరి డొక్కలను, లోపలి వైపు పైకి ఉండేలా, రెండు వరుసలు పరచండి. అవి నీటిని పీల్చుకుని వేళ్లకు మెల్లగా అందిస్తాయి. పైన చెరువు మట్టి, పశువుల ఎరువు ఇసుకలో బాగా కలిపి నింపండి.

నాటడానికి తొలకరి తర్వాతి వానలే అదను, అవి ఉప్పును కిందికి కడిగేస్తాయి. నర్సరీలో ఏపుగా పెరిగిన పెద్ద మొక్క కళ్లకు ఇంపుగా ఉన్నా, ఇక్కడ చిన్నదే త్వరగా వేళ్లూనుకుంటుంది. గన్నేరు, బిళ్ల గన్నేరు, కాగితం పూలతో మొదలుపెట్టండి.