బంగాళాఖాతాన్ని ముందు కోసుకోండి, తర్వాత తిప్పండి

ప్రశ్న: సముద్ర ఉష్ణోగ్రతల మీద ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేస్తున్నాను. వరల్డ్ ఓషన్ అట్లాస్ (ప్రపంచ సముద్రాల సగటు ఉష్ణోగ్రతల్లాంటి డేటా) ఫైలును పారావ్యూలో (డేటాను త్రీడీ బొమ్మలుగా చూపే సాఫ్ట్‌వేర్) తెరిస్తే భూగోళం మొత్తం వస్తోంది. నాకు బంగాళాఖాతం చాలు. బొమ్మలో కొంత భాగాన్ని కోసే క్లిప్ ఫిల్టర్ వాడితే 8 జీబీ ల్యాప్‌టాప్ బిగుసుకుపోతోంది. వచ్చే వారం గైడ్‌కి చూపించాలి, చాలా టెన్షన్‌గా ఉంది. (విద్యార్థిని, విశాఖపట్నం)

జవాబు: తప్పు ల్యాప్‌టాప్‌ది కాదు, క్లిప్‌ని ఎంచుకోవడంలో ఉంది. పావు డిగ్రీ వార్షిక ఫైలులో అడ్డంగా 1440, నిలువుగా 720, లోతులో 102 గళ్లు ఉంటాయి. గుణిస్తే 10.5 కోట్లు దాటుతుంది. వరుసగా పేర్చిన గళ్లు కాబట్టి అవి తక్కువ చోటులోనే ఇమిడిపోతాయి. క్లిప్ ఆ వరుసను చెదరగొట్టి, ప్రతి గడికీ మూలలేవో విడివిడిగా రాసుకుంటుంది. ర్యామ్ చాలక మొరాయించేది అక్కడే.

మీకు కావాల్సింది ఎక్స్‌ట్రాక్ట్ సబ్‌సెట్ అనే ఫిల్టర్, వరుస చెదరకుండా కావాల్సిన గళ్లను మాత్రమే తీసిస్తుంది. ముందుగా ఫైలు ప్రాపర్టీస్‌లో స్ఫెరికల్ కోఆర్డినేట్స్ దగ్గరి టిక్ తీసేసి అప్లై నొక్కండి, గోళం చదునవుతుంది. తర్వాత ఈ ఫిల్టర్ పెట్టండి. ఇది అక్షాంశాలూ రేఖాంశాలూ అడగదు, గడుల వరుస సంఖ్యలు అడుగుతుంది. చాలామంది ఇక్కడే తడబడతారు. ఈ ఫైలు పడమర 180 డిగ్రీల నుంచి మొదలవుతుంది కనుక తూర్పు 80 డిగ్రీలకు 180 కలిపి నాలుగుతో గుణించండి: 1040. అలాగే 95 డిగ్రీలకు 1100. దక్షిణ ధ్రువం నుంచి లెక్కిస్తే ఉత్తర అక్షాంశం 5కి 380, 22కి 448. లోతులో 0 నుంచి 36 వరకు తీసుకుంటే ఉపరితలం నుంచి 500 మీటర్ల దాకా వస్తుంది. ఒక గడి అటూ ఇటూ అయినా ఫర్వాలేదు. ఇప్పుడు మిగిలేది సుమారు 1.5 లక్షల గళ్లు. ఆ తర్వాత క్లిప్ చేసుకున్నా, స్లైస్ చేసుకున్నా మీ ల్యాప్‌టాప్ హాయిగా మోస్తుంది.

బొమ్మంతా ఒకే రంగులో కనిపిస్తే కంగారు పడకండి. డేటా లేని చోట ఫైలులో దాదాపు 1 పక్కన 37 సున్నాలంత పెద్ద సంఖ్య నింపి ఉంటుంది. రంగుల పట్టీ దాకా ఆ సంఖ్య పోతే మీ 28 డిగ్రీలు, 10 డిగ్రీలు ఒకటైపోతాయి. ఇచ్చిన హద్దుల్లోని విలువలనే ఉంచే థ్రెషోల్డ్ ఫిల్టర్‌లో -2 నుంచి 40 అని ఇవ్వండి. నేలా, లోతు లేని చోట్లూ రాలిపోతాయి. అప్పుడు ఉత్తరాన గంగ ముఖద్వారం వైపు సముద్రం అడుగు మెట్లుమెట్లుగా పైకి వస్తూ కనబడుతుంది. నాకు ఈ ఫైలులో అన్నిటికన్నా ఇష్టమైన చోటు అదే.

ఇంకొకటి. అడ్డం డిగ్రీల్లో, లోతు మీటర్లలో ఉండటం వల్ల బొమ్మ స్తంభంలా నిలబడుతుంది, పైగా తలకిందులుగా. గేరు గుర్తు నొక్కి, స్కేల్ మూడో గడిలో -0.01 వేయండి. 100 మీటర్లు ఒక డిగ్రీ అంత ఎత్తు అవుతుంది. డిగ్రీ అంటే దాదాపు 111 కిలోమీటర్లు, అంటే లోతును సుమారు 1100 రెట్లు సాగదీసి చూపిస్తున్నారన్నమాట. ఆ సంగతి బొమ్మ కింద తప్పకుండా రాయండి. రాయకపోతే చూసేవాళ్లు తీరం పక్కనే లోయ ఉందనుకుంటారు.

ప్రశ్న: మే నెల బొమ్మనూ నవంబరు బొమ్మనూ పక్కపక్కన పెడితే అస్సలు పోలిక కుదరడం లేదు. మౌస్‌తో ఎంత సర్దినా కోణం తేడా వస్తోంది. (పరిశోధకుడు, హైదరాబాద్)

జవాబు: మౌస్ వెతకడానికి మంచిది, కొలతకు పనికిరాదు. నచ్చిన కోణం దొరికాక అడ్జస్ట్ కెమెరా తెరవండి. కెమెరా ఎక్కడుంది, ఎటు చూస్తోంది అన్నీ అంకెల్లో ఉంటాయి. కెమెరాను చుట్టూ తిప్పడానికి అజిముత్, పైకీ కిందకీ జరపడానికి ఎలివేషన్, పక్కకు వాల్చడానికి రోల్ ఉన్నాయి. అక్కడి నుంచే ఆ కోణాన్ని పీవీసీసీ ఫైలుగా దాచుకుని, రెండో బొమ్మకు తెచ్చి పెట్టుకోవచ్చు. రెండూ ఒకే తెర మీదుంటే లింక్ కెమెరా ఇంకా సులువు: ఒకటి తిప్పితే రెండోదీ తిరుగుతుంది.

దూరాన్ని బట్టి పరిమాణం మారకుండా చూపే పారలల్ ప్రొజెక్షన్ కూడా ఆన్ చేయండి. మామూలుగా దూరంగా ఉన్నవి చిన్నవిగా కనబడతాయి కాబట్టి శ్రీలంక దగ్గరి 100 మీటర్లకూ ఒడిశా దగ్గరి 100 మీటర్లకూ ఒకే పొడవు రాదు. లోతులు పోల్చే బొమ్మలో అది ఒప్పుకోదగ్గ విషయం కాదు.

కోణం కుదిరినా పోలిక కుదరకపోతే రంగులు చూడండి. రీస్కేల్ టు డేటా రేంజ్ నొక్కితే ఏ నెలకు ఆ నెల పట్టీ వస్తుంది. మేలో ఎరుపు 31 డిగ్రీలైతే నవంబరులో అదే ఎరుపు 29 కావచ్చు. కస్టమ్ రేంజ్‌లో రెండింటికీ 8 నుంచి 31 అని ఇవ్వండి.