ఎండాకాలంలో షాపు తెరుస్తున్న మా అల్లుడికి

ఒరేయ్ అల్లుడూ,

షోరూం ఉద్యోగం మానేసి కొత్తగూడెంలో సొంతంగా ఆటో ఎలక్ట్రికల్ షాపు పెడుతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ముందు షెడ్డుకి అడ్వాన్సు కట్టేసి, తర్వాత అమ్మ చేత నాకు చెప్పించావంటే నేను వద్దంటానని భయపడ్డావన్నమాట. నేనెందుకు వద్దంటాను? ఆ సాయంత్రం ఆటోనగర్‌లో టీకొట్టు దగ్గర కనిపించిన ప్రతివాడికీ మా అల్లుడు షాపు పెడుతున్నాడని చెప్పుకున్నాను, అందరి టీ డబ్బులూ నేనే ఇచ్చాను. మీ అత్తయ్య అయితే ఇప్పటికీ నమ్మడం లేదు. కానీ శ్రీరామనవమికి తెరుస్తున్నావట, అదే నా టెన్షన్. ముహూర్తం మంచిదే, భద్రాచలం కల్యాణానికి పోయే బండ్లన్నీ నీ ముందు నుంచే పోతాయి. ఆ తర్వాత వచ్చేది మే నెల, రోళ్ళు పగిలే రోహిణి కార్తె. షోరూంలో తీరిగ్గా బండి కంప్యూటరు చదివే స్కానర్ పెట్టి చూసిన బండి వేరు, పాల్వంచ రోడ్డు మీద మధ్యాహ్నం రెండింటికి ఆగిపోతే తాడు కట్టి లాక్కొచ్చిన బండి వేరు.

తేలిక పనులు నీకు తెలుసు. బ్యాటరీ విప్పేటప్పుడు ముందు నెగటివ్, బిగించేటప్పుడు చివర నెగటివ్. చేతికి ఉంగరం, కడియం వద్దు. బ్యాటరీ దగ్గర బీడీ ముట్టించేవాడు కస్టమరైనా సరే బయటికి పంపు, ఛార్జింగులో హైడ్రోజన్ వస్తుందని వాడికి తెలియకపోయినా నీకు తెలుసు.

ఎండాకాలం జబ్బుల్లో అసలు చిక్కేమిటంటే, బండి వేడి మీద ఉన్నప్పుడు వస్తాయి, చల్లారితే మాయమైపోతాయి. కస్టమర్ వచ్చి "అరగంట నడిచాక ఉన్నట్టుండి ఇంజిన్ ఆగిపోయింది, చెట్టు కింద కాసేపు పెడితే మళ్ళీ స్టార్ట్ అయింది" అంటాడు. నీ దగ్గరికొచ్చేసరికి బండి బంగారంలా ఉంటుంది. అప్పుడు ఏమీ లేదని పంపేసినా తప్పే, ఊరికే చేతులు కట్టుకుని నిలబడితే పరువు పోతుందని ఏదో ఒక పార్టు మార్చేసినా తప్పే. బండి ఉంచుకో. ఏసీ వేసి ఎండలో తిప్పు, పక్కన స్కానర్ పెట్టుకుని ఒక కుర్రాణ్ణి కూర్చోబెట్టుకో. ఆగిపోయిన వెంటనే సెల్ఫ్ కొట్టి ఆర్‌పీఎం, అంటే ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో, చూడు. ఇంజిన్ తిరుగుతున్నా స్కానర్‌లో సున్నా చూపిస్తుంటే ఇంజిన్ తిరగడాన్ని పసిగట్టే క్రాంక్ సెన్సార్ మీదో, దాని వైరు మీదో అనుమానం పెట్టుకోవాలి. తడిగుడ్డ చుట్టి సెన్సార్‌ను చల్లార్చు, ఆర్‌పీఎం కనపడి బండి అందుకుంటే దొంగ దొరికినట్టే. ఆర్‌పీఎం సరిగ్గానే ఉంటే అప్పుడు పెట్రోల్ పంపు, దానికి కరెంటు వదిలే స్విచ్చు లాంటి రిలే వైపు పో. ట్యాంకులో పెట్రోలు ఎంతుందో కూడా అడుగు, ఆ పంపు చల్లబడేది పెట్రోలుతోనే, అడుగంటించి తిప్పేవాళ్ళ పంపులు ఎండల్లోనే మొరాయిస్తాయి.

ఇంజిన్ ఆపేశాక వేడి తగ్గుతుందనుకుంటారు గానీ, బానెట్ కింద మొదటి పది పదిహేను నిమిషాలు వేడి పెరుగుతుంది. గాలి ఆడదు, నీళ్ళు తిరగవు కదా. పెట్రోల్ బంకులో ఆపి టీ తాగొచ్చేలోపు సెల్ఫ్ తిరగదు అనే కంప్లయింటు అందుకే వస్తుంది. రాగి వేడెక్కితే ప్రతి 10 డిగ్రీలకు రెసిస్టెన్స్ 4 శాతం దాకా పెరుగుతుంది, దానికి తోడు బ్యాటరీ నెగటివ్‌ని ఇంజిన్‌కి కలిపే ఎర్త్ కేబుల్ తుప్పు పట్టి ఉందనుకో, సెల్ఫ్‌కి అందాల్సిన కరెంటు అందదు. వెంటనే సెల్ఫ్ మోటార్ విప్పకు. మీటరు ఒక మొన బ్యాటరీ నెగటివ్ పోలు మీద, రెండోది ఇంజిన్ బాడీ మీద పెట్టి సెల్ఫ్ కొట్టించు. 0.2 వోల్టు దాటితే ఎర్త్ శుభ్రం చెయ్యి. పాజిటివ్ వైపు సెల్ఫ్ దాకా అయితే అర వోల్టు వరకు సరిపెట్టుకోవచ్చు. ఈ చూపు ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడే చూడాలి, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు చూస్తే అన్నీ బాగానే కనపడతాయి.

బ్యాటరీ అమ్మితే కమిషన్ వస్తుంది, నాకూ తెలుసు. కానీ ముందు మీటరు పెట్టు. రాత్రంతా కదలకుండా ఉన్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం. సెల్ఫ్ కొట్టినప్పుడు 9.6 కన్నా కిందికి పడితే అప్పుడు అనుమానించు, అది కూడా నిండా ఛార్జి చేశాకే. జనం చలికాలంలో బ్యాటరీ పోయిందంటారు గానీ, అప్పుడు చావు బయటపడుతుందంతే, దాన్ని చంపేది ఎండ. నీళ్ళు ఇగిరిపోతాయి, లోపల ప్లేట్లు తినుకుపోతాయి. ఇంకో సంగతి, డైనమో ఛార్జింగు మామూలుగా 13.8 నుంచి 14.5 మధ్య ఉంటుంది గానీ, బాగా వేడెక్కిన బండిలో ఛార్జింగును అదుపులో పెట్టే రెగ్యులేటరే కొంచెం తగ్గిస్తుంది. మండుటెండలో 13.5 చూసి డైనమో పోయిందని చెప్పేయకు. 15 దాటితే మాత్రం వదలకు, బ్యాటరీ ఉడికిపోతుంది.

ఇక ఫ్యూజు సంగతి. నువ్వు మర్చిపోయి ఉంటే మంచిదే, నేను మర్చిపోలేదు.

ఇంటర్ సెలవుల్లో నా దగ్గర ఉన్నావు చూడు, ఆ మే నెల. అన్నవరం పోయే కుటుంబాన్ని ఎక్కించుకుని ఒక ట్యాక్సీ వచ్చింది, ఏసీ బ్లోయర్ ఫ్యూజు మాటిమాటికీ కొట్టేస్తోందని. నేను వేరే బండి కింద ఉన్నాను. డ్రైవరు తొందర పెట్టాడు, వెనక పిల్లలు ఉక్కకి ఏడుస్తున్నారు, నువ్వు పసుపు రంగు 20 ఆంపియర్ల ఫ్యూజు పీకేసి ఆకుపచ్చది, 30ది, పెట్టి పంపేశావు. బ్లోయర్ జోరుగా తిరిగింది, డ్రైవరు నీకు యాభై రూపాయలిచ్చాడు, ఆ నోటు నాకు చూపించావు కూడా. ఫ్యూజు ఎందుకు కొడుతోందో మాత్రం చూడలేదు. మోటార్ బుష్ దుమ్ముతో బిగుసుకుపోయి ఎక్కువ కరెంటు లాగుతోంది. 20 ఆంపియర్లకు లెక్కేసి కట్టిన వైరు అది. హనుమాన్ జంక్షన్ దాటక ముందే డ్యాష్‌బోర్డు కింద నుంచి పొగ. నువ్వు పెట్టిన ఫ్యూజు నిక్షేపంలా ఉంది, వైరు కాలింది. డ్రైవరు తెలివైనవాడు కాబట్టి పిల్లల్ని దింపేసి, పానా కోసం వెతక్కుండా బ్యాటరీ టెర్మినల్ చేత్తోనే లాగేశాడు, అరచెయ్యి బొబ్బలెక్కింది. లేకపోతే ఏమయ్యేదో నేను ఇక్కడ రాయను.

సాయంత్రం బండి లాక్కొచ్చాక ఆ వైరింగు కోసి నీ ముందు పడేశాను. ఇందులో ఎన్ని రంగులున్నాయో చెప్పరా అన్నాను. వంగి చూసి "నలుపు ఒక్కటే మావయ్యా" అన్నావు. అప్పుడు కొట్టాను. కొట్టినందుకు తర్వాత బాధపడ్డాను గానీ, కొట్టకుండా ఉండాల్సిందని మాత్రం ఇప్పటికీ అనుకోను. ఆ రాత్రి నువ్వు అన్నం తినకపోతే మీ అత్తయ్య నాతో మాట్లాడటం మానేసి నీకు పెరుగన్నం కలిపి పెట్టింది. మర్నాడు పొద్దున నేను లేచేసరికి నువ్వు షాపులో ఉన్నావు, వైర్లు రంగుల వారీగా నేల మీద పరిచి, కాలిన దాని పక్కన కొత్తది కొలిచి కోస్తున్నావు. ఎవరూ చెప్పలేదు నీకు. ఆ వైరింగు మొత్తం నువ్వే కట్టావు, నేను బ్లోయర్ మోటారే చూశాను. వీడికి ఈ పని వస్తుందని నాకు తెలిసింది ఆ రోజే, నీకెప్పుడూ చెప్పలేదనుకుంటా.

కాబట్టి నీ షాపులో పనిచేసే కుర్రాడు ఎవడైనా సరే, ఉన్నదానికన్నా పెద్ద ఫ్యూజు పెట్టినా, రేకు చుట్టినా, వైరు పోగు పెట్టినా ఆ రోజే మాన్పించెయ్. ఫ్యూజు రెండోసారి కొట్టిందంటే మూడోది పెట్టే ముందు వైరు చుట్టూ తగిలించి చూసే క్లాంప్ మీటరుతో ఎంత కరెంటు లాగుతోందో చూడాల్సిందే, కస్టమర్ ఎంత అరిచినా. హెడ్‌లైట్లకి 60/55 వాట్ల బల్బులు తీసి 100/90 వెయ్యమని కుర్రాళ్ళు వస్తారు. రిలే, మంచి వైరు, వేడికి తట్టుకునే హోల్డరు లేకుండా వెయ్యనని చెప్పు. పక్క షాపువాడు వేస్తాడంటే వేయించుకోమను. షాపులో మంటలార్పే పౌడర్ సిలిండరు గుమ్మం దగ్గర పెట్టు, వెనక గదిలో సామాన్ల కింద కాదు. నేను వచ్చినప్పుడు ముందు అదే చూస్తాను.

ఏసీ కంప్లయింట్లు నీకు రోజూ వస్తాయి. రోడ్డు మీద పోతుంటే చల్లగా ఉండి, సిగ్నల్ దగ్గర వేడిగాలి కొడుతోందంటే గ్యాసు జోలికి పోకుండా ముందు కూలింగ్ ఫ్యాన్ చూడు. అరగంట చల్లగా ఉండి ఆగిపోయి, చల్లారాక మళ్ళీ పనిచేస్తుంటే ఏసీ కంప్రెసర్‌ని ఇంజిన్‌కి తగిలించే క్లచ్ గ్యాపు కొలువు.

పసుపు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగువి, వాటికి టెస్ట్ బల్బు తగిలించకు. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ బండ్లలో నారింజ రంగు హై వోల్టేజ్ కేబుల్ కనపడితే చెయ్యి వెనక్కి తీసుకో, ఆ పని నేర్చుకుని, ఆ గ్లోవ్సు కొనుక్కున్నాకే. రానిది రాదని చెప్పడానికి సిగ్గుపడకు, నాకూ ఆ బండ్లు రావు.

మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా బానెట్ కింద తల పెట్టకు. వేడి మీద టెస్టు చెయ్యాలన్నానని ఎండలో నిలబడమని కాదు, బండి ఎండలో తిరగనీ, నువ్వు షెడ్డు కిందే ఉండు. కుండ నీళ్ళు పెట్టించు, కస్టమర్లకీ పనికొస్తాయి. షెడ్డు పైకప్పు రేకులని మీ అమ్మ చెప్పింది, మీద తాటాకు కప్పించు అందామనుకున్నా గానీ, మంట భయానికి అదీ వద్దు, తెల్ల సున్నం కొట్టించు.

నా పాత క్లాంప్ మీటరు, రెండు డబ్బాల ఫ్యూజులు, 1.5, 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు చుట్టలు శనివారం ఖమ్మం బస్సు పార్సిల్లో వేస్తున్నాను. అక్కడి నుంచి నువ్వే తెచ్చుకోవాలి. మీటరుకి బ్యాటరీ కొత్తది వేశాను, వైర్లు మాత్రం ఒకసారి చూసుకో, ఎర్రదాని మొన కొంచెం వదులుగా ఉంది.

మీ మావయ్య