ఇంట్లో మార్చిన వీల్ బేరింగ్ నాలుగు నెలలకే మళ్లీ ఎందుకు పోయింది?

గుణుపురం నుంచి ఒకరు అడిగారు: స్విఫ్ట్ ముందు ఎడమ చక్రం బేరింగ్ ఇంట్లోనే మార్చుకున్నాను, నాలుగు నెలలు కూడా కాలేదు, స్పీడు అరవై దాటితే మళ్లీ అదే హోరు, మంచి కంపెనీదే కొన్నాను, డూప్లికేట్ అంటగట్టారా అని.

అన్నా, డూప్లికేట్లు మార్కెట్లో ఉన్న మాట నిజమే. కానీ నాది పర్లాకిమిడిలో లేత్ పని, షాపులో హైడ్రాలిక్ ప్రెస్ (ముక్కలను నొక్కి ఎక్కించే యంత్రం) ఉంది కాబట్టి పాతపట్నం నుంచి, కాశీనగర్ నుంచి, మీ గుణుపురం వైపు నుంచి కూడా నకిల్స్ (బేరింగును, చక్రాన్ని పట్టి ఉంచే ఇనుప దిమ్మలు) విప్పి గోనెసంచిలో వేసుకుని తెస్తుంటారు, ఇలా తొందరగా పోయినవాటిని కోసి చూస్తే ఎక్కువగా కనబడేది నాసిరకం ఉక్కు కాదు, ఎక్కించేటప్పుడు తగిలిన దెబ్బ. మీరు రాసినదాంట్లో ‘పెద్ద సాకెట్ పెట్టి సుత్తితో దించాను’ అని ఒక ముక్క ఉంది, నా అనుమానమంతా దాని మీదే.

ఎందుకంటే బేరింగులో బయటి రేసు, లోపలి రేసు అని రెండు ఉక్కు రింగులు, మధ్యలో ఉక్కు గుళ్లు. గుండు రేసును తాకేది చాలా చిన్న చోట. నకిల్‌లోకి బేరింగును దించేటప్పుడు బలం బయటి రేసు మీద మాత్రమే పడాలి. తర్వాత హబ్‌ను (చక్రాన్ని బిగించే భాగాన్ని) ఎక్కించేటప్పుడు లోపలి రేసుకు కింద నుంచి ఆధారం ఉండాలి, చాలామంది మరిచిపోయేది ఇదే, నకిల్‌ను రెండు ఇటుకల మీద పెట్టి పైనుంచి హబ్‌ను కొడతారు, అప్పుడు ఆ దెబ్బ మొత్తం గుళ్ల గుండా పోయి రేసులో గుంటలు పడతాయి. చేత్తో తిప్పితే ఏమీ తెలియదు, మెత్తగానే తిరుగుతుంది. రోడ్డెక్కాక ఒక్కో గుంట అంచు దగ్గర ఉక్కు అలిసిపోయి పొరలుగా ఊడటం మొదలవుతుంది.

ఈమధ్య వచ్చిన ఒకదాన్ని గ్రైండర్‌తో కోసి, కిరసనాయిలుతో గ్రీజు కడిగి, లోపలి రేసును ఎండలో వాల్చి చూపించాను ఆ కుర్రాడికి. గాడి వెంట ఆవగింజంత గుంటలు వరసగా, గుండుకీ గుండుకీ ఎంత ఎడముందో సరిగ్గా అంత ఎడంలో. రెండు గుంటల దగ్గర మాత్రం పెచ్చు లేచి గరుకుగా ఉంది. వాడిన దానివల్ల అరిగితే గాడి పొడుగునా అరుగుతుంది, ఇలా లెక్కగా గుంటలు పడవు. అందుకే పాత బేరింగును తుక్కులో వేయొద్దని అందరికీ చెబుతాను, కారణం దాని ఒంటి మీదే రాసి ఉంటుంది.

ఇంకోటి, పాత బేరింగ్ ఊడదీసినప్పుడు లోపలి రేసు సగం హబ్‌కే అంటుకుని ఉండిపోతుంది. దాన్ని గ్రైండర్‌తో కోస్తూ హబ్ దాకా గీత పెట్టేశారా, లేక ఉలితో కొట్టి గాడి చేశారా చూసుకోండి. ఆ గీత అంచు లేచి ఉంటే కొత్త రేసు సరిగా కూర్చోదు. రేసును పూర్తిగా తెగనీయకుండా కొంచెం మిగిల్చి, ఉలితో ఒక్క దెబ్బ వేస్తే అదే చిట్లుతుంది. నకిల్ లోపలి బోరు (బేరింగ్ కూర్చునే రంధ్రం) కూడా చేత్తో తడమండి: పాతది అందులో తిరిగిపోయి ఉంటే నున్నగా మెరుస్తూ వదులుగా ఉంటుంది. అలాంటి బోరులో పంచ్‌తో చుక్కలు కొట్టి బిగుతు చేయడం మా వైపు చాలామందికి అలవాటు, అది నిలవదు, నకిల్ మార్చాల్సిందే. బోరు మంచిదైతే బేరింగును కవర్లో చుట్టి రాత్రంతా ఫ్రీజర్లో పెట్టి, నకిల్‌ను ఎండలో ఉంచండి, ప్రెస్ మీద సులువుగా దిగుతుంది. గ్యాస్ మంట మాత్రం పెట్టకండి.

ఇక ఆక్సిల్ నట్టు, అంటే చక్రం మధ్యలో ఇరుసు కొసన ఉండే పెద్ద నట్టు. ఈ రకం బేరింగులో లోపలి రేసు రెండు ముక్కలు, వాటిని దగ్గరకు నొక్కి పట్టి ఉంచేది ఆ నట్టే. వదులుగా ఉంటే ముక్కలు ఎడమై గుళ్లు ఊగులాడతాయి. చిన్న కార్లలో చాలావాటికి 150 న్యూటన్ మీటర్ల పైనే బిగించాలి, మీ బండికి ఎంతో మాన్యువల్లో చూడండి, పైపు తొడిగిన పానాతో అందాజాగా బిగించడం గానీ ఎయిర్ గన్‌తో లాగి వదిలేయడం గానీ వద్దు, ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచ్ అద్దెకైనా తెచ్చుకోండి. కొత్త నట్టు వేయండి. నట్టు బిగించకముందు బండి బరువు ఆ చక్రం మీద దించకూడదు, తోయకూడదు కూడా. పాత జీపులు, ట్రాలీల్లో ఉండే టేపర్ బేరింగులకు (గుళ్ల బదులు ఏటవాలు రోలర్లు ఉండేవి) పద్ధతి వేరు, తిప్పుతూ బిగించి మళ్లీ కొద్దిగా వెనక్కి వదలాలి, కారు నట్టు బిగించిన అలవాటుతోనే వాటినీ బిగించేస్తే కాలిపోతాయి.

ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రాలు జామ్ కాకుండా చూసే ఏర్పాటు) ఉన్న చాలా బండ్లలో బేరింగుకు ఒక వైపు సీలులోనే అయస్కాంతపు పొర ఉంటుంది, ఆ వైపు సెన్సర్ వైపుకే రావాలి. తిరగేసి ఎక్కిస్తే డ్యాష్‌బోర్డులో లైటు వెలుగుతుంది.

నీళ్ల సంగతి మన ఏరియాలో తక్కువేం కాదు. వర్షాకాలంలో ఘాట్ దిగి వేడెక్కిన హబ్‌తో నేరుగా గెడ్డలో దిగితే, లోపలి గాలి ఒక్కసారిగా చల్లబడి సీలు అంచు నుంచి నీటిని లోపలికి లాక్కుంటుంది. గ్రీజు తెల్లబారి, గాడిలో తుప్పు చుక్కలు కనబడితే కారణం ఇదే. సర్వీసింగులో ప్రెజర్ వాటర్ గన్‌ను దగ్గర నుంచి సీలు మీదకు కొట్టినా అంతే. బరువు కూడా చూసుకోండి: గుళ్ల బేరింగుకు లెక్క ప్రకారం బరువు రెట్టింపైతే ఆయుష్షు ఎనిమిదో వంతుకు పడిపోతుంది, సీజన్లో జీడిపిక్కల బస్తాలు డిక్కీ నిండా వేసి తిప్పే కార్లకు వెనక బేరింగులు ఊరికే పోవు. చక్రం బయటికి కనబడాలని హబ్‌కీ చక్రానికీ మధ్య స్పేసర్లు (మందపాటి బిళ్లలు) వేసినవాళ్లదీ ఇదే బాధ.

సైలెన్సరుకో బాడీకో ఎలక్ట్రిక్ వెల్డింగ్ చేయించారా ఈ నాలుగు నెలల్లో? ఎర్త్ క్లాంపును వెల్డింగ్ చేసే చోటుకు పక్కనే పెట్టించండి. డిస్కుకో హబ్‌కో పెడితే కరెంటు గుళ్ల గుండా పోయి రేసు మీద మచ్చలు కాలుస్తుంది.

అయితే మళ్లీ విప్పేముందు అసలు పోయింది ఎడమదేనా అన్నది తేల్చుకోండి. ఖాళీ రోడ్డు మీద కుడికి కొద్దిగా తిప్పితే బరువు ఎడమ చక్రం మీద పడుతుంది, అప్పుడు హోరు పెరిగితే ఎడమదే, తగ్గితే కుడిదాన్ని అనుమానించాలి. జాకీ ఎత్తి చక్రాన్ని చేత్తో తిప్పుతూ రెండో చెయ్యి కాయిల్ స్ప్రింగు మీద పెడితే గరగర వేళ్లకే తెలుస్తుంది. టైరు ఎగుడుదిగుడుగా అరిగినా అచ్చం ఇదే హోరు వస్తుంది కాబట్టి ముందు టైర్లను వెనక్కీ ముందుకీ మార్చి చూడండి, శబ్దం చోటు మారితే బేరింగు జోలికి పోనక్కర్లేదు.

మార్చాల్సిందే అయితే, మీ ఊళ్లో ప్రెస్ ఉన్న లేత్ షాపుకు నకిల్, హబ్, కొత్త బేరింగ్ మూడూ పట్టుకెళ్లి ఎదురుగా నిలబడి ఎక్కించుకోండి, మిగతా పనంతా ఇంట్లోనే చేసుకోవచ్చు. మొదటిసారి తీసిన బేరింగ్ ఇంకా మీ దగ్గరుంటే లోపలి రేసు గాడి కనబడేలా ఎండలో ఫొటో తీసి పెట్టండి, చూసి చెబుతాను.