వండిందెవరు, తుపాకీ పట్టిందెవరు?

ప్రశ్న: తెలంగాణ సాయుధ పోరాటంలో ఆడవాళ్లు దళాలకు వండిపెట్టారంతే అంటాడు మా మామ. నిజమేనా అక్కా?
– డిగ్రీ విద్యార్థిని, బైరాగిపట్టెడ, తిరుపతి

జవాబు: వండారమ్మా, కాదనను. పోలీసులు ఊరంతా గాలిస్తుంటే దళానికి అన్నం చేర్చడం తేలికనుకున్నాడా మీ మామ? మల్లు స్వరాజ్యం తుపాకీ పట్టి దళాన్నే నడిపింది. ఆమె తలకు 10 వేల రూపాయల వెల కట్టారు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కోతకొచ్చిన పంటను విసునూరు దేశ్‌ముఖ్ మనుషులకు దక్కనివ్వలేదు. 1951లో పోరాటం ఆగాక మాత్రం చాలామంది ఆడవాళ్లను ‘ఇక ఇళ్లకు పొండి’ అన్నారు. నాకు మంట అక్కడే.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో లేచిన సారా పోరాటం మన జిల్లాకూ పాకింది. మా అమ్మ చీపురు, కారప్పొడి పొట్లం పట్టుకుని సారా కొట్టు ముందు బైఠాయించింది. 1993 అక్టోబర్ 1 నుంచి సారా బంద్. కొట్టు దగ్గర్నుంచి వచ్చి, ఆ రాత్రి సంగటి కెలికిందీ అమ్మేలే.