మగ్గం మాది, గిరాకీ ఎవరిది?

డిజిటల్ ప్లాట్‌ఫామ్‌లు పెట్టుబడి తీరునే మార్చేశాయా, మనలాంటి చిన్నవాళ్లకు వాటితో ఎదుగుదల ఉందా అని అడిగారు. మా ఇంటి సంగతి చెబుతాను.

మాది పాత నల్గొండ జిల్లా పోచంపల్లి. నాయన కాలంలో పట్టు, రంగులు షావుకారువి. మేం చిటికి కట్టి, అంటే రంగు అంటకూడని చోట పోగులను బిగించి కట్టి, రంగులద్ది, నేసిస్తే మజూరీ ఇచ్చేవాడు. ఈ నేతనే ఇక్కత్ అంటారు. సరుకు ఎవరిదో పెత్తనం వాళ్లది.

2019లో నేను ఒక పెద్ద ఆన్‌లైన్ మార్కెట్‌లో అమ్మడం మొదలుపెట్టాను. అక్కడ ఒక్క పోగు కూడా వాళ్లది కాదు. విదేశీ పెట్టుబడి ఉన్న మార్కెట్‌ప్లేస్ సొంత సరుకు అమ్మకూడదని 2016లోనే నిబంధన ఉంది, 2018 డిసెంబరులో ఇంకా బిగించారు. అయినా పెత్తనం వాళ్లదే. ఎవరి చీర ముందు కనబడాలో తేల్చేది వాళ్లు. కొనేవాళ్లు ఎక్కువున్న చోటికే అమ్మేవాళ్లు పోతారు, అమ్మేవాళ్లున్న చోటికే కొనేవాళ్లు వస్తారు. ఆ కూడలి చేతిలో ఉన్నవాళ్లకు అమ్మకాల్లో కమీషన్. అసలు మార్పు ఇదే.

ఒకసారి 7,200 రూపాయల పట్టుచీర గువాహటి దాకా పోయి తిరిగొచ్చింది. 'డిఫెక్ట్, డిజైన్ అంచులు మసకగా ఉన్నాయి' అని రాశారు. కట్టు కింద రంగు కాస్త పాకడం ఇక్కత్‌కు సహజం, చేతిపని గుర్తే అది. మడత విప్పితే కొంగు మీద పసుపు మరక, అంటే కట్టుకున్నాకే తిప్పి పంపారు. రేటింగ్ పడిపోయింది, కొన్నాళ్లు ఆర్డర్లే లేవు. ఇంట్లో ఒకటే టెన్షన్. అదే పేజీలో మా చీర పక్కన 600 రూపాయల ప్రింటు చీర, దానికీ పోచంపల్లి పేరే! ఇక్కత్‌ను తిరగేసి చూసినా రంగు ఒకేలా ఉంటుంది. ఫొటోలో అది ఎలా తెలుస్తుంది?

అలాగని లాభమే లేదనను. నాయన ఎన్నడూ చూడని ఊళ్లకు చీరలు పోయాయి, డబ్బు టైముకు పడింది. షావుకారు పెళ్లికి అప్పిచ్చి, ఆ అప్పుతోనే కట్టేసేవాడు. ఈ ఆన్‌లైన్ వాళ్లు అప్పివ్వరు, గిరాకీ నంబరూ, అంటే కొన్నవాళ్ల ఫోన్ నంబరూ ఇవ్వరు. నాకు బాధ ఆ నంబరు గురించే.

2016లో వచ్చిన యూపీఐ కూడా డిజిటలే. అందులో ఏ యాప్ నుంచి పంపినా డబ్బు నా ఖాతాకే వస్తుంది. అందుకే ఇప్పుడు వాట్సాప్ వీడియో కాల్‌లో చీర తిరగేసి చూపించి, యూపీఐలో డబ్బు తీసుకుంటున్నాను. వాట్సాప్ కూడా ఒక కంపెనీదే, కానీ నంబర్లు నా నోటుబుక్కులో ఉన్నాయి, ఎవరికి ఏ రంగు ఇష్టమో సహా. మీరు కూడా ఆన్‌లైన్‌లో పెట్టండి, ఈ పుస్తకం మాత్రం మొదటిరోజు నుంచే రాయండి. మొన్న విజయనగరం నుంచి ఒకమ్మ, పెద్దమ్మాయికి తీసుకున్న డిజైనే చిన్నమ్మాయి పెళ్లికి మెరూన్‌లో కావాలన్నారు. నిన్న అమ్మ దానికి ఆసు పోయడం, అంటే చిటికి కట్టేందుకు పోగులను చట్రం మీద వరసగా చుట్టడం మొదలుపెట్టింది.