నేపాల్, భూటాన్ కాగితం వ్యాపారాన్ని పోల్చాలంటే ఏ లెక్కలు చూడాలి?

కస్టమ్స్ పట్టికలో 48వ అధ్యాయం, అంటే కాగితం, అట్టల మొత్తాలు పక్కపక్కన పెట్టి "నేపాల్ ముందుంది" అని ప్రాజెక్టులో రాయవచ్చా అని అడిగారు. రాయవద్దు. విశాఖలో నేపాల్ సరుకు పత్రాలు చూసే ఉద్యోగం నాది. ఆ మొత్తాల వెనుక ఏముంటుందో రోజూ చూస్తుంటాను.

దిగుమతుల తీరులో రెండు దేశాలకూ పెద్ద తేడా లేదు. రెండింటికీ సముద్రం లేదు. రాత కాగితం, అట్ట, నోటు పుస్తకాలు ఎక్కువగా మన దేశం నుంచే రక్సౌల్ దాటి నేపాల్‌లోని బీర్‌గంజ్‌కు, జైగావ్ దాటి భూటాన్‌లోని ఫుంట్‌షోలింగ్‌కు వెళతాయి. నేపాల్‌లోని గైండాకోట్‌లో చైనా సాయంతో కట్టిన భృకుటి కాగితం మిల్లు కూడా మూతపడింది. ఒక్క జాగ్రత్త: 2016లో కుదిరిన ఏర్పాటుతో నేపాల్ సరుకు కోల్‌కతాతో పాటు విశాఖ రేవు మీదుగానూ వెళ్లవచ్చు. అలా వెళ్లే కంటైనర్ ఇక్కడ దిగినా మన దిగుమతి కాదు, సీలు విప్పకుండా సరిహద్దు దాటుతుంది. కాబట్టి సరుకు ఏ దారిన వచ్చిందో కాదు, ఏ దేశంలో తయారైందో చూడండి.

అసలు విషయమంతా ఎగుమతుల్లో ఉంది. నేపాల్ కొండల్లో పెరిగే లోక్తా పొద బెరడును ఉడికించి, దంచి, ఆ గుజ్జును నీటిలో తేలే చట్రంలో పోసి, చట్రంతో సహా ఎండబెడతారు. కాగితాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే పొడవాటి నారలు విడివిడిగా కనిపిస్తాయి. చేతి కాగితానికి 480210 అని ప్రత్యేక సంకేతం ఉంది. ముందు దాన్ని తెరవండి. నోటు పుస్తకంగా కుట్టి పంపితే 4820లోకి, గ్రీటింగ్ కార్డుగా అచ్చువేస్తే ఏకంగా 49వ అధ్యాయంలోకి పోతుంది.

అర్గేలీ అనే మరో పొద సంగతి ఇంకా ముఖ్యం. ఇలాం వంటి తూర్పు జిల్లాల్లో ఒలిచి, పొట్టు గీకి, కడిగి ఆరబెట్టిన దీని బెరడు జపాన్‌కు వెళుతుంది. యెన్ నోట్లకు అది ముడిసరుకు. జపాన్ 2024లో కొత్త నోట్లు తెచ్చినప్పుడు ఇది వార్తల్లోకీ ఎక్కింది. కానీ బెరడు కాగితం కాదు కదా, 48వ అధ్యాయంలో దాని జాడే ఉండదు. అంత శ్రమ చేసిన రైతులు మీ పోలికలో కనిపించకపోవడం అన్యాయమని నా అభిప్రాయం. ఒక పేరా వారికి కేటాయించండి.

భూటాన్ కథ వేరు. అక్కడి చేతి కాగితం దేషో. థింఫూలోని జుంగ్‌షి కర్మాగారం 1990 నుంచి తయారుచేస్తోంది. కొంత విదేశాలకు పంపుతారు, కొంత పర్యాటకులు అక్కడే కొని సంచిలో వేసుకుని పోతారు. ఆ అమ్మకం సరుకు ఎగుమతుల లెక్కకు రాదు. అందుకే భూటాన్ అంకె చిన్నదిగా ఉందని ఆ పరిశ్రమనే తక్కువ చేయకండి.

నేపాల్ కస్టమ్స్ వార్షిక లెక్క జూలై నడుమ మొదలవుతుంది, భూటాన్‌ది జనవరిలో. భూటాన్ నగుల్‌ట్రమ్ మన రూపాయికి సమానం, నేపాల్ రూపాయలు 1.60 అయితే మన ఒక రూపాయి. అన్నీ డాలర్లలోకి మార్చి, మొత్తం విలువ బదులు కిలోకు ఎంత పలికిందో చూడండి. తర్వాత జపాన్, జర్మనీ దిగుమతి పట్టికలతో సరిచూడండి. అక్కడ రవాణా, బీమా ఖర్చులు కలిపి రాస్తారు కాబట్టి అంకె కొంత ఎక్కువగానే ఉంటుంది.