తన దగ్గర లేని షేర్లు అమ్ముతానని ఒప్పుకుంటే ఆ ఒప్పందం చెల్లుతుందా?

భారత చట్టం ప్రకారం సాధారణంగా చెల్లుతుంది. ఒప్పందం రోజున అమ్మకందారు చేతిలో షేర్లు లేవన్న ఒక్క కారణంతో అది రద్దు కాదు.

1930 నాటి సరుకుల విక్రయ చట్టం షేర్లను కూడా సరుకులుగానే చూస్తుంది. ఇకముందు సంపాదించబోయే సరుకును అమ్ముతానని మాట ఇవ్వడానికీ ఒప్పుకుంటుంది. కాకపోతే అది అప్పటికి అమ్మకం కాదు, అమ్ముతానన్న ఒప్పందం మాత్రమే. తనకు లేని హక్కును ఎవరూ ఇంకొకరికి ఇవ్వలేరు కాబట్టి షేర్లు వెంటనే కొనుగోలుదారువి కావు.

ఉదాహరణకు, ఒక ప్రైవేటు కంపెనీలో అన్నగారి పేరున ఉన్న 1,000 షేర్లను కొని, మూడు నెలల్లో ఒక్కోటి రూ.200 చొప్పున మీకు ఇస్తానని తమ్ముడు రాసిచ్చాడు. అన్నగారు అమ్మనన్నారు. గడువు నాటికి ధర రూ.260 అయింది. అన్నగారి షేర్లు మీరు లాక్కోలేరు, ఆయన ఏ సంతకమూ పెట్టలేదు. తమ్ముడి నుంచి మాత్రం తేడా రూ.60,000 నష్టపరిహారంగా అడగవచ్చు. ముందే డబ్బు కట్టి ఉంటే అదీ వెనక్కి రావాలి.

చాలామంది పొరబడేది ఇక్కడే: ‘ఓనర్ కాదు కాబట్టి కాగితం చెల్లదు’ అనుకుని టెన్షన్ పడి, రావలసిన పరిహారం కూడా వదిలేసుకుంటారు. ఒప్పందం చెల్లడం వేరు, హక్కు బదిలీ కావడం వేరు. అయితే స్టాక్ ఎక్స్చేంజి బయట, షేర్లు ఇచ్చిపుచ్చుకునే ఉద్దేశమే ఇద్దరికీ లేకుండా, కేవలం ధర తేడా మీద డబ్బు చేతులు మారాలనుకుంటే అది పందెం. 1872 నాటి కాంట్రాక్టు చట్టం కింద అది చెల్లదు.